కోటయ్యకు కోటా లేదు

భూతాలను పెంచని ఇల్లు ఇల్లే కాదు!

తొందరపడి పేపరు మడిచేయకండి. నాకు మతి పోలేదు. చిలకలపూడిలో నలభై ఏళ్లు రోల్డుగోల్డు నగల వ్యాపారం చేసినవాణ్ని. పైన మెరుపేదో, లోపల సరుకేదో కాస్త తెలిసినవాణ్ని. అనుభవం మీద చెబుతున్నాను. మన పిల్లలందరినీ నెట్ సెంటర్లలో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, తలా ఆరు భూతాలను పెంచుకోనిచ్చి, ఒకరి భూతాల మీదికి ఇంకొకరి భూతాలను ఉసిగొల్పనిస్తే తప్ప ఈ దేశం బాగుపడదు.

వీడియో గేములు పిల్లల్ని పాడు చేస్తున్నాయని గోలపెట్టే పెద్దలను నేనొక్కటే అడుగుతాను. పిల్లలు పాడవడానికి గేములే కావాలా అండీ? మనం చాలమా?

నేనూ నిన్నమొన్నటిదాకా మీలాంటి అజ్ఞానినే. మా మనవరాలు శ్రీదుర్గ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఫిజిక్స్ ట్యూషనని చెప్పి రోజూ సాయంత్రం సైకిలు తీస్తోంది. నెలాఖరుకు ట్యూషన్ మాస్టారు మా ఇంటికొచ్చి, "శ్రీదుర్గకు ఒంట్లో ఎలా ఉందండీ?" అని పరామర్శించి, కాఫీ తాగి వెళ్లాడు. అప్పుడు పిల్ల రోజూ ఎటు వెళ్తోందో ఆరా తీసి, గొడుగు పట్టుకుని బయలుదేరాను. వాన లేదు. గొడుగు వేరే పనికి.

సాజిద్ నెట్ సెంటరు కోనేరు సెంటరుకు నాలుగు సందుల అవతల ఉంది. ఆ కుర్రాడి తండ్రి మా షాపులో నగలకు పాలిష్ పెట్టేవాడు. ఇప్పుడు కొడుకు పది కంప్యూటర్లు పెట్టి, వాటికి పది పరదాలు కట్టి, బందరు పిల్లలకు పాలిష్ పెడుతున్నాడు.

"రండి శోభనాద్రి మావయ్యా, ఫ్యాను కింద కూర్చోండి. దుర్గ లోపలుంది. ఈ ఒక్క రౌండూ అవనివ్వండి, చాలా టైటుగా ఉంది" అన్నాడు.

గొడుగు తిరగేసి పట్టుకుని పరదా దాకా వెళ్లాను. అక్కడ ఆగిపోయాను. లోపలి నుంచి శ్రీదుర్గా, పక్క కంప్యూటరు పిల్లా అనుకునే మాటలు వినబడ్డాయి.

"వాళ్లదేంటి?"

"నీళ్లు."

"మనదేంటి?"

"నిప్పు."

"అయితే వద్దు. వాళ్లకీ మనకీ పడదు. వేరేదాన్ని దింపు."

చదువరులారా, నా కళ్లు చెమర్చాయి! పిల్లలు సంప్రదాయం మరిచిపోతున్నారని, సంస్కారం మంట గలిసిందని ఇన్నాళ్లూ అనవసరంగా బెంగపెట్టుకున్నాను. ఎదుటివాడు కనబడగానే ముందు వాడేమిటో కనుక్కోవాలి, మనకు పడేవాడా కాదా తేల్చుకోవాలి, ఆ తరువాతే మిగతా మాటలు. ఇది మన కృష్ణా జిల్లా వాళ్లకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య కాదూ!

మీరే చెప్పండి. గుడివాడలో బస్సెక్కుతాం. పక్క సీటాయన ముందు "ఏ ఊరండీ?" అంటాడు. "ఎవరి తాలూకండీ?" అంటాడు. గుడ్లవల్లేరు వచ్చేసరికి "మీ ఇంటిపేరేంటండీ?" అంటాడు. ఇంటిపేరు విన్నా తేలకపోతే కవుతరం దగ్గర గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీరేవిట్లు?" అంటాడు. ఏమీ అనుకోం. పెడన దాటేలోపు ఆయన ఆ మాట అడక్కపోతే, పాపం ఒంట్లో నలతగా ఉందేమోనని మనమే కిటికీ తెరుస్తాం.

ఆ "మీరేవిట్లు" అనే మాటను కంప్యూటరు వాళ్లు "టైపు" అన్నారు. అంతే తేడా! మన విద్యను పైదేశం వాడెవడో గేము చేసి, మళ్లీ మనకే గంటకింత అని అద్దెకిస్తున్నాడు. నేను గొడుగు ముడిచి, స్టూలు లాక్కుని శ్రీదుర్గ పక్కన కూర్చున్నాను.

"కొడతావా తాతయ్యా?" అంది బెదురుగా.

"నేర్పుతావా అమ్మా?" అన్నాను.

తెలియనివారి కోసం ఆ శాస్త్రం రెండు ముక్కల్లో చెబుతాను. ఆటలో కొన్ని వందల భూతాలుంటాయి. చెరువుల్లో, అడవుల్లో, గుహల్లో తిరిగి వాటిని పట్టుకోవాలి. పట్టినవన్నీ ఒక పెట్టెలో పడుంటాయి. యుద్ధానికి మాత్రం ఆరింటినే తీసుకెళ్లాలి. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి దిగి కొట్టుకుంటాయి. ఎవరి ఆరూ ముందు సొమ్మసిల్లితే వాళ్లు ఓడినట్టు. ప్రతి భూతానికీ పుట్టుకతో ఒక టైపు వస్తుంది. నిప్పు, నీళ్లు, గడ్డి, పిడుగు, రాయి, బురద, ఇలా. నిప్పుకు నీళ్లంటే హడలు. నీళ్లకు పిడుగంటే హడలు. పిడుగు బురదను ఏమీ చేయలేదు. చచ్చినా టైపు మారదు. మన దగ్గరా అంతే కదా, కొత్తేముంది?

పట్టుకున్న భూతానికి మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. మా పిల్ల భూతాల్లో ఒక నిప్పుకోడి ఉంది. ఎడారుల్లో పరుగెత్తే నిప్పుకోడి కాదు, నిజంగా నిప్పులు కక్కే కోడి. అది చూడగానే నాకు నచ్చేసింది. కొలిమి ముందు బతికినవాణ్ని కదా!

"ఇలాంటివి ఆరు పెట్టెయ్యమ్మా. చూడ్డానికి బాగుంటుంది" అన్నాను.

"ఆరూ నిప్పువేంటి తాతయ్యా! వచ్చే నెలలో గుడివాడ వాళ్లతో మ్యాచుంది. వాళ్లు ఒక్క నీళ్లదాన్ని దింపితే చాలు, ఆరింటినీ ఆర్పేసి బస్సెక్కిస్తారు."

"అయితే బ్యాలెన్స్ చెయ్. టైపుకొకటి చొప్పున పెట్టేస్తే ఎవరూ అలగరు."

"అలగడమేంటి తాతయ్యా? అవి భూతాలు, అలగవు" అంది. ఇంకా ఇలా అంది. "టైపుకొకటి పెడితే బ్యాలెన్స్ అయిపోదు. ముందు ఉరికేది ఒకటుండాలి. దెబ్బలు కాచుకునేది ఒకటుండాలి. నీరసపడ్డవాటికి మందేసేది ఒకటుండాలి. ఆరు టైపులూ ఉండి, ఆరూ కొట్టేవే అయితే కాచేదెవరు? ఏ టైపో చూడాలి. అదేం పని చేస్తుందో కూడా చూడాలి."

ఏం పని చేస్తుందో చూడాలట! పదిహేడేళ్ల పిల్ల. లోకం చూడలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఆమె టీములో ఆరోదాన్ని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండింది. అదొక బురద తాబేలు. మెల్లగా కదులుతుంది. ఎవరి మీదికీ ఉరకదు, నిప్పులు కక్కదు. మూల కూర్చుని కళ్లు మిటకరిస్తుంది.

"దీనికేం చేతనవునే?"

"నీళ్లు లాగేస్తుంది తాతయ్యా. గుడివాడ వాళ్లు రాగానే మైదానమంతా వరద పెట్టేస్తారు. అప్పుడు వాళ్ల నీళ్ల భూతాలకి బలం రెట్టింపవుతుంది. ఇది దెబ్బలు తింటూనే మెల్లగా ఆ నీళ్లన్నీ దించేస్తుంది."

"దీని పేరేంటి?"

"కోటయ్య."

మా పేటలో కోటయ్య ఒక్కడే. కూతురింట్లో ఉండడానికి రెండేళ్ల కిందట వచ్చాడు. అంతకుముందు ముప్ఫై ఆరేళ్లు దివిసీమ కాలువల మీద లస్కరు. అంటే లాకుల తలుపులు, తూముల షట్టర్లు ఎత్తడం దించడం ఆయన ఉద్యోగం. చేతికి వాచీ పెట్టడు. టైమెంతయ్యిందని అడిగితే "పోటు తిరిగింది", "ఇంకా పాటే" అంటాడు. సముద్రం ఎదురు తన్నుకొస్తే పోటు, వెనక్కి లాగితే పాటు. ఈ ముక్క మా పేటలో బోలెడుమందికి తెలుసు. కాకపోతే వాళ్లంతా పల్లపు వీధిలో ఉంటారు.

మా పేటకు రెండే వీధులు. మెరక వీధి, పల్లపు వీధి. మా మేడ మెరక వీధిలో ఉంది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మా మీద పడ్డ వాననంతా ఏటేటా క్రమం తప్పకుండా పల్లపు వీధికి అందజేస్తున్నాం. అక్కడి నుంచి మురుగు కాలువలోకి, కాలువ చివర తూములోంచి సముద్రపు పాయలోకి పోవాలి. ఆ తూము షట్టరును పాటులో ఎత్తాలి, పోటులో దించాలి. చెప్పడానికి ఇంతే. చేసే మనిషి లేక, అక్టోబరు వానలకు పల్లపు వీధివాళ్లు మంచాల కింద ఇటుకలు పెట్టుకుని బతుకుతున్నారు.

ఆ వీధి చివరి ఇల్లు రాఘవమ్మది. ఎండుచేపలు అమ్ముతుంది. మట్టిగోడల మీద పెంకులు. కిందటేడు వానకు వెనకవైపు గోడ ఉబ్బింది. ఇంకో వరద తగిలితే నిలవదని తాపీమేస్త్రి చెప్పిపోయాడు.

ఈ ఏడు పైనుంచి ఆర్డరొచ్చింది. పేటవాళ్లే ఆరుగురితో కమిటీ వేసుకోండి, తూము తాళం మీ చేతికిస్తాం అని. పేటకు పెద్దను కాబట్టి నన్నే అధ్యక్షుణ్ని చేశారు. మిగతా అయిదుగురినీ నేనే ఎంచాలి. మర్నాడు పొద్దున్నే రాఘవమ్మ గంప దించి మా అరుగు ముందు నిలబడింది.

"బాబుగారూ, కోటయ్యన్నని పెట్టండి. ఆయన చేతిలో తాళముంటే మా గోడలు నిలబడతాయి. ఇంకేమీ అడగనండి."

"తప్పకుండా పరిశీలిస్తాం రాఘవమ్మా" అన్నాను. పరిశీలిస్తాం అన్న మాట ఎంత బాగుంటుందో గమనించారా? అన్నవాడికీ సుఖం, విన్నవాడికీ సుఖం. నష్టపోయేది గోడ ఒక్కటే.

కోటయ్యను మా హాల్లోకి పిలిపించి, అప్పటికి నేను ఎంచిన మెంబర్లతో కలిసి పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ చేశాం. ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. జేబులో చిన్న నోటుబుక్కు తెచ్చుకున్నాడు. నెలంతా పోటు పాటు వేళలు అందులో పెన్సిలుతో రాసిపెట్టుకున్నాడు. పాపం, దాన్ని తీయాల్సిన అవసరమే రాలేదు. మేమడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఏమీ అనుకోకు కోటయ్యా, మీరేవిట్లు?"

అడిగింది నేనే. ఆయన చెప్పాడు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. కోటయ్యవాళ్ల సీటు అప్పటికే షామియానాల రాంబాబుకు ఇచ్చేశాం. ఇప్పుడు ఇంకొకరిని తీసుకుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? బ్యాలెన్స్ చెడిపోదూ?

"నీకు కోటా లేదు కోటయ్యా!" అన్నాను. మాట కుదిరిందని హాలంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. కోటయ్య కూడా నవ్వినట్టే మొహం పెట్టి, నోటుబుక్కున్న జేబును చేత్తో ఒకసారి తడుముకుని, "వెళ్లొస్తానండి" అని మెట్లు దిగాడు.

కమిటీ ఎలా కుదిరిందంటే, చూసినవాళ్లు దిష్టి తగులుతుందన్నారు! ఆరుగురం ఆరు రకాలు. ఏ వర్గానికీ అన్యాయం లేదు. షామియానాల రాంబాబు, పెళ్లిళ్లలో మైకు పట్టి వచ్చినవారందరినీ పేరుపేరునా భోజనాలకు పిలుస్తాడు. రిటైర్డు తెలుగు మాస్టారు కొండలరావు, పంద్రాగస్టుకు మొదలుపెట్టిన ఉపన్యాసం గాంధీ జయంతికి ముగిస్తారు. ముహూర్తాల సుందరరాజు, తుమ్మినా పంచాంగం చూస్తాడు. మిగతా ఇద్దరూ పాత పార్టీ ఒకరు, కొత్త పార్టీ ఒకరు. ఆపైన నేను. నా సంగతి మీరు చదువుతూనే ఉన్నారు.

శ్రీదుర్గకు లిస్టు చూపించాను. "చూడవే, ఆరు టైపులు! దీన్నంటారు బ్యాలెన్స్!" అన్నాను. లిస్టు చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఆరు టైపులు ఎక్కడ తాతయ్యా? మీరందరూ ఒకటే టైపు. మైకు టైపు" అంది.

చిన్నపిల్ల అని వదిలేశాను.

అక్టోబరులో శనివారం నాడు వాన పట్టుకుంది. ఆదివారం పొద్దుటికి కాలువ నిండిపోయింది. పల్లపు వీధిలో పాదం మునిగే నీళ్లున్నాయి. ఇదే అదను! కమిటీ పెట్టిన తరువాత తూము ఎత్తడం ఇదే మొదలు. మొదలన్న తరువాత ముహూర్తం వద్దూ? సుందరరాజు పంచాంగం తిరగేసి పది గంటల నలభై నిమిషాలు దివ్యంగా ఉందన్నాడు. అష్టమ శుద్ధి కూడా కుదిరిందట. రాంబాబు తూము దగ్గర షామియానా వేశాడు. షట్టరు హ్యాండిలుకు బంతిపూల దండ కట్టాం. రిబ్బను కట్టాం. రెండు మైకులు పెట్టాం, ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలని. చూశారా, బ్యాలెన్స్ విషయంలో మేమెంత జాగ్రత్తపరులమో!

కోటయ్య మోకాలి లోతు నీళ్లలో గట్టు పక్కన నిలబడ్డాడు. రాఘవమ్మ ఆయన వెనక నిలబడి, తన ఇంటివైపు చూస్తోంది. కొండలరావు మాస్టారు ఉపన్యాసం నడుమ నీళ్లు తాగుతుండగా కోటయ్య నా దగ్గరకొచ్చాడు.

"శోభనాద్రిగారూ, ఇప్పుడొద్దండీ. పోటు మీదుంది. ఎత్తితే సముద్రం లోపలికొస్తది. నాలుగింటికి పాటు దిగుద్ది, అప్పుడెత్తుదాం."

"నాలుగింటికి దుర్ముహూర్తమయ్యా" అన్నాడు సుందరరాజు.

"నీళ్లకి ముహూర్తం తెలవదండీ. పోటూ పాటే తెలుసు."

"కమిటీ మెంబరు కానివాళ్లు వేదిక దగ్గరికి రాకూడదు" అని మైకులో ప్రకటించాడు రాంబాబు. రూలంటే రూలే కదండీ!

సరిగ్గా పది నలభైకి నేను రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిలు తిప్పాను. ఆరుగురం ఆరు చేతులు వేశాం. ఫోటో కూడా తీశారు. షట్టరు పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు సముద్రం లోపలికి వచ్చింది.

మా ఆహ్వానాన్ని మన్నించి అంత దూరం నుంచి వచ్చిన అతిథి! ఖాళీ చేతులతో రాలేదు. ఉప్పునీళ్లు, నాచు, రెండు పీతలు, ఒక చెప్పు తెచ్చింది. కాలువలో నీళ్లు వెనక్కి తిరిగి పల్లపు వీధి వైపు పరుగెత్తాయి. మాలో ఒకడు దించండి అన్నాడు. హ్యాండిలు ఇందాక ఎటు తిప్పి ఎత్తామో ఆరుగురిలో ఒక్కడికీ గుర్తులేదు. పాత పార్టీ ఆయన కుడికి తిప్పమన్నాడు, కాబట్టి కొత్త పార్టీ ఆయన ఎడమకు తిప్పమన్నాడు. కొండలరావు మాస్టారు ప్రజలు సంయమనం పాటించాలని మైకులో విజ్ఞప్తి చేశారు. సుందరరాజు మళ్లీ పంచాంగం తీశాడు. నేనేం చేశానంటారా? అరిచాను. ఏమని అరిచానో నాకే గుర్తులేదు గాని, చాలా గట్టిగా అరిచానని అందరూ చెబుతున్నారు.

కోటయ్య వేదిక ఎక్కాడు. ఈసారి ఎవరూ రూలు చదవలేదు. దండ తెంపి అవతల పడేసి, మరలో ఇరుక్కున్న రిబ్బను ముక్కను గోళ్లతో లాగి, ఒంటి చేత్తో తిప్పి షట్టరు దించాడు. కాని అప్పటికే ఇరవై నిమిషాలైంది.

ఆ ఇరవై నిమిషాల్లో రాఘవమ్మ ఇంటి వెనక గోడ కూలిపోయింది. ఆమె తూము దగ్గరే ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. తూము ప్రారంభోత్సవానికి మహిళలు తరలి రావాలని మైకులో పిలిచింది మేమే కదా! కాబట్టి ఆమెను కాపాడింది కూడా కమిటీయేనని మా తీర్మానంలో రాసుకున్నాం.

కోటయ్య ఆ గట్టు మీదే సాయంత్రం దాకా కూర్చున్నాడు. మేమంతా ఇళ్లకెళ్లి బట్టలు మార్చుకున్నాం. నాలుగు దాటాక దుర్ముహూర్తంలో, మైకు లేకుండా, ఆయనొక్కడే షట్టరు ఎత్తాడు. చీకటిపడే వేళకు పల్లపు వీధిలో నేల కనబడింది. నేల కనబడ్డాకే గోడ ఎంత మేర పోయిందో కూడా కనబడింది. రాఘవమ్మ బురదలోంచి ఒక్కో పెంకూ ఏరి, పగలనివి ఒకవైపు, పగిలినవి ఒకవైపు పెడుతోంది. నన్ను చూసి తిట్టలేదు. "కూర్చోండి బాబుగారూ" అని, కూర్చోబెట్టడానికి చోటు కోసం చుట్టూ చూసింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. జరిగినదాని మీద లోతుగా చర్చించాం. లోపం ఎక్కడుందో కనిపెట్టాం. ఆరుగురు చాలకపోవడమే లోపం! ఎనిమిదిమంది ఉంటే బ్యాలెన్స్ ఇంకా బాగుంటుందని పైకి రాయాలని తీర్మానించాం. గాలివానలో చిరిగిన షామియానాకు సంతాపం తెలిపాం.

నేను లేచి, "నేను తప్పుకుంటాను. నా సీటు కోటయ్యకు ఇవ్వండి" అన్నాను. ఆ మాటకు అందరూ నన్ను జాలిగా చూశారు.

"అదెలా కుదురుతుంది శోభనాద్రిగారూ? మీ సీటు మీది కాదు, మీవాళ్లది. మీరు దిగితే మీవాళ్లలోనే ఇంకొకరు ఎక్కాలి. మీ మేనల్లుడున్నాడుగా?" అన్నాడు రాంబాబు.

మా మేనల్లుడికి ఈత కూడా రాదు. పైగా వాడు నాకంటే గట్టిగా అరుస్తాడు. అందుకే నేనే ఉండిపోయాను. త్యాగమంటే ఇదీ.

తరువాతి ఆదివారం శ్రీదుర్గ మ్యాచుకు గుడివాడ వెళ్లాం. సాజిద్, నేను, అమ్మాయి. అక్కడి నెట్ సెంటరులో రెండు కంప్యూటర్లను వైరుతో కలిపారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఆరు భూతాలను తెచ్చాడు. ఒకదాన్ని మించినది ఇంకొకటి. రెక్కలు, కొమ్ములు, నోట్లోంచి మెరుపులు! అచ్చం మా కమిటీ ఫోటో చూసినట్టుంది. రాగానే మైదానమంతా వరద పెట్టాడు. మా నిప్పుకోడి రెండు దెబ్బలకే ఆరిపోయింది. తరువాత ఇంకొకటి, ఆ తరువాత ఇంకొకటి. నేను గొడుగు పిడి కొరుకుతున్నాను.

అప్పుడు మా పిల్ల కోటయ్యను దింపింది.

ఎదుటి కుర్రాడు పగలబడి నవ్వాడు. "ఇదేం టైపు? బురదా?" అన్నాడు. వాడి వెనకవాళ్లంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా హాల్లో విన్నదే. మొదలుపెట్టినవాడి గొంతు కూడా గుర్తుంది.

తాబేలు దెబ్బ తింది. ఇంకో దెబ్బ తింది. కదిలిన పాపాన పోలేదు. తెర మీద నీళ్లు మాత్రం వేలెడు దిగాయి, బెత్తెడు దిగాయి. నేల కనబడింది. నేల కనబడేసరికి గుడివాడ భూతాలకు బలం సగమైపోయింది. మిగతాది మా పిల్ల మిగిలిన రెండు భూతాలతో కానిచ్చేసింది. సాజిద్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. నేను మాత్రం తెర మీద మూల కూర్చుని కళ్లు మిటకరిస్తున్న తాబేలునే చూస్తూ ఉండిపోయాను.

తిరిగి వస్తూ బస్సులో అడిగాను.

"కోటయ్య పేరు పెట్టావు బాగానే ఉంది. మరి మీ తాత పేరుతో ఒకటి పెట్టలేదేమే?"

"పెట్టానుగా తాతయ్యా. శోభనాద్రి ఉంది."

నా ఛాతీ ఉప్పొంగింది. "అలాగా! మరి ఇవాళ కనబడలేదే? ఏం చేస్తుందది?"

"అరుస్తుంది."

"అరిస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు తాతయ్యా. అందుకే పెట్టెలో ఉంచాను" అంది.

"ఒక్కసారి టీములోకి తీసుకోవచ్చుగా? సొంత తాతను!"

"బ్యాలెన్స్ చెడిపోద్ది తాతయ్యా" అని నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

పక్క సీటాయన అప్పటిదాకా మా మాటలు వింటూనే ఉన్నాడు. కవుతరం వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని నావైపు వంగాడు.

"ఏమీ అనుకోకండి. మీరేవిట్లు?"

"మైకు టైపండీ" అన్నాను.

కోటయ్య ఇప్పటికీ కమిటీలో లేడు. రోజూ పాటు వేళకు వెళ్లి షట్టరు ఎత్తుతున్నాడు, పోటు వేళకు దించుతున్నాడు. తాళం నా దగ్గరే ఉంది, అధ్యక్షుణ్ని కదా. కాకపోతే తాళం వేయడం మానేశాను. అధ్యక్షుడిగా ఈ పేటకు నేను చేసిన మేలు ఇదొక్కటే. దీన్ని కూడా తీర్మానం లేకుండా చేశాను. గోడ కూలిన నాటి నుంచి రాఘవమ్మ బడి వరండాలోనే పడుకుంటోంది. ఆమె గోడ సంగతి పరిశీలిస్తున్నాం.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం. పిల్లల్ని వెంటనే నెట్ సెంటరుకు పంపండి. ట్యూషన్ మానేసి వెళ్తున్నా చూసీచూడనట్టు ఊరుకోండి. భూతాల మధ్య పెరిగితే ఎవరు ఏం పని చేయగలరో చూడడమైనా నేర్చుకుంటారు. ఇంట్లో ఉంటే మన మాటలే వింటూ పెరుగుతారు.